మొగలి నీళ్లకు బయటి ముక్కు

లాడ్జీల్లో ఇచ్చే సబ్బుల గురించి ఎవరైనా గట్టిగా మాట్లాడాలి. తమలపాకు మందాన ఉంటుందన్న బాధ నాకు లేదు, నేను మాత్రం అక్కడ ఎన్నాళ్లుంటాను కనక. నా పేచీ అంతా దాని మీది కాగితంతో. పొడి చేతులకు బుద్ధిగా లొంగుతుంది, తడి చేతులకు లొంగదు. కాగితం విప్పలేదన్న సంగతేమో ఒళ్లంతా తడిశాకే గుర్తొస్తుంది. బరంపురం లాడ్జీలో పొద్దున్నే దాన్ని పళ్లతో చింపబోయి, ఇంత సబ్బు నోట్లోకి పోయాక, పంపు కింద నిలబడి ఆలోచించాను. కాగితం సంగతి ముందే ఊహించి విప్పుకుని ఉంటే అది అనుమాన ప్రమాణం. పక్క గదిలో ఆయన చెబితే విని విప్పుకుంటే శబ్ద ప్రమాణం. నాకు మాత్రం ఏ విషయమైనా నాలిక మీద పడ్డాకే తెలుస్తుంది. ప్రత్యక్షం.

ఆ సాయంత్రం సరిగ్గా ఈ ప్రమాణాల మీదే ఉపన్యాసం ఇవ్వడానికి నేనా ఊరు వెళ్లాను.

నేను చదివింది తత్త్వశాస్త్రం. చేసేది ఏలూరులో బీమా క్లెయిములు పరిశీలించే ఉద్యోగం. ఈ రెండింటికీ పొంతన లేదనుకునేవాళ్లు మా ఆఫీసుకి ఒకసారి రావాలి. కాలిపోయిన గోడౌను ముందు నిలబడి, ఎక్కడ మొదలైంది, ఎవరు చూశారు, చూశానన్నవాడికి అందులో లాభమేమిటి అని అడగడమే నా పని. మన తార్కికులు ఇదే పని వందల ఏళ్లు చేశారు, పీఎఫ్ లేకుండా. సెలవురోజుల్లో ఎవరైనా పిలిస్తే ఈ సంగతి చెప్పివస్తుంటాను. పిలిచేవాళ్లు తక్కువ. అందుకే బరంపురం పిలిస్తే టికెట్టు ఎవరు కొంటారని కూడా అడగలేదు.

బరంపురం

స్టేషన్‌కి వచ్చి నన్ను స్కూటరు మీద ఎక్కించుకున్న పెద్దమనిషి అక్కడి తెలుగు సంఘం కార్యదర్శి. ఇంట్లో పాత్రుడు గారు, ఆఫీసులో పాత్రో బాబు. వెనక్కి తిరిగి నాతో తెలుగులో కుశలం అడుగుతూ, ముందుకు తిరిగి రిక్షావాళ్లను ఒడియాలో మందలిస్తూ వెళ్లారు. ఏ మలుపు దగ్గర ఏ భాషలోకి తిరిగారో నాకు తెలియలేదు. ఆయనకూ తెలిసినట్టు లేదు.

శ్రావణమాసంలో అక్కడ వాన పడదు, వేలాడుతుంది. దాని వెనక ఊరంతా పాత అద్దంలో చూసినట్టు కొంచెం మసగ్గా, కొంచెం వంకరగా కనిపించింది. పట్టుచీరల దుకాణాల్లో పట్టపగలే దీపాలు వెలుగుతున్నాయి. అప్పడాలు వాకిళ్లలో ఆరే వీలు లేక ఇళ్లలోనే, మంచాల మీద, ఫాన్ల కింద ఆరుతున్నాయి. ఒక ఇంట్లో మంచం నిండా అప్పడాలు పరిచి, ఇంటాయన కింద చాపేసుకుని నిద్రపోతున్నాడు. ఆ ఇంట్లో ఎవరి సంపాదన ఎక్కువో అడగక్కర్లేకపోయింది.

పొద్దున ఇడ్లీ, వడ తిన్నాం. చట్నీకి బదులు మీద బఠాణీ కూర పోశారు. మా ఏలూరులో ఇలా పోస్తే వినియోగదారుల కోర్టుకు వెళతాం. రెండో ముద్దకి నేను కేసు వాపసు తీసుకున్నాను. టీతో కలిపి నలభై రూపాయలు. పాత్రుడు గారు నన్ను ఇవ్వనివ్వలేదు. ఆయన జేబులో చెయ్యి పెట్టడం చూసి హోటలాయన వద్దన్నాడు. వాళ్లిద్దరూ రెండు భాషల్లో మర్యాదలు పోతుంటే నేను ఇంకో టీ తాగాను.

హాలు

ఉపన్యాసానికి జనం బాగానే వచ్చారు. సగంమంది వాన వల్ల వచ్చారని తర్వాత తెలిసింది. అయినా నేను వివక్ష చూపలేదు.

మనిషికి ఏదైనా తెలియడానికి నాలుగు దారులన్నాను. కళ్లతో చూడటం, ముక్కుతో వాసన పట్టడం, అదంతా ప్రత్యక్షం. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని తెలుసుకోవడం అనుమానం. అడవిలో ఆవులాంటి జంతువుంటుందని విని, ఎదురుపడ్డప్పుడు పోల్చుకుని గుర్తుపట్టడం ఉపమానం. నమ్మదగిన మనిషి చెబితే వినడం శబ్దం. ఫోన్లో వచ్చే ప్రతి కబురునీ ఈ నాలుగింటిలో ఏ దారిన వచ్చావమ్మా అని అడగండి, సగం కబుర్లు గుమ్మంలోనే చెప్పులేసుకుంటాయి అన్నాను. నవ్వారు. నాకు హుషారొచ్చింది. ఇవి పుస్తకాల్లో దాచుకునేవి కావు, రోజూ వాడుకునేవి, గొడుగుల్లాంటివి అని కూడా అన్నాను.

అప్పుడు చివరి వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. పొడుగ్గా, ఎండుకొయ్యలా ఉన్నాడు. చేతిలో గొడుగు, చంకలో ప్లాస్టిక్ సంచి, సంచిలో ఆసుపత్రి కాగితాలు.

"నాలుగు దార్లని సెప్పినారు బాబూ. మొదటి దారి మూసుకుపోతే ఆ మనిసి ఏటి సెయ్యాల?"

"మిగతా మూడు దారుల్లో వెళ్లాలి. వాటికి టోల్‌గేటు కూడా లేదు" అన్నాను.

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. నేను చెప్పింది మనసులో రాసుకుంటున్నవాడిలా తలూపి కూర్చున్నాడు. నా సమాధానాన్ని ఎవరైనా నిజంగా వాడుకోబోతున్నారన్న అనుమానం నాకు అప్పుడే రావాల్సింది.

బయట వరండాలో నాకోసం ఆగి ఉన్నాడు. పేరు దానయ్య. ఊరు చమఖండి, ఛత్రపురం దగ్గర సముద్రపు ఒడ్డున. పూర్వం చేపల వేటకి వెళ్లేవాడు. భుజం దెబ్బతిన్నాక సముద్రం మానేసి, వానాకాలంలో మొగలిపూల భట్టీ చూసుకుంటున్నాడు. ఆ పువ్వుని అక్కడివాళ్లు కియా అంటారు. పూలను రాగి పాత్రల్లో నీళ్లతో ఉడికించి, ఆ ఆవిరిని చల్లబరిచి మొగలి నీరు దించుతారు. ముందు దిగేది మొదటి నీరు, చిక్కటి వాసన, మంచి ధర. తర్వాత దిగేది రెండో నీరు. చూడటానికి రెండూ ఒకటే, మంచినీళ్లలా ఉంటాయి. మొదటిది ఎక్కడ అయిపోయిందో, రెండోది ఎక్కడ మొదలైందో పట్టేది ముక్కొక్కటే. చుట్టుపక్కల భట్టీల్లో ఈయన్ని ముక్కు దానయ్య అనేవారట. ఈయన మొదటిదంటే మొదటిదే, కొనేవాడు మూత తీసి చూడకుండా బండెక్కించుకునేవాడట.

పోయిన వానాకాలం జ్వరమొచ్చి తగ్గింది. దాంతోపాటు ముక్కూ పోయింది. అప్పటినుంచి ఏ వాసనా లేదు. వానచినుకు పడ్డ మట్టి లేదు, చేప లేదు, పువ్వు లేదు. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు బరంపురంలో డాక్టరుకి చూపించుకుంటే, రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట. మా శాస్త్రంలో దీన్ని సంశయం అంటారు, దానికి ఫీజుండదు. బస్సుకి ఇంకా టైముంది, వాన పడుతోంది, హాల్లో ఫానుంది. అలా వచ్చి కూర్చున్నాడు.

మర్నాడు సాయంత్రం కొనేవాళ్ల మనిషి వస్తాడు. ఈసారి పద్ధతి మారింది, ప్రతి డబ్బా మూత తీసి చూస్తాడట. మొదటి నీరని రెండోది పోశాడంటే భట్టీ యజమాని వచ్చే ఏడు వేరే మనిషిని పెట్టుకుంటాడు. సముద్రం ఎటూ లేదు, ఇదీ పోతుంది.

"మావూళ్లో ఎవుల్ని అడిగినా తెల్లారేసరికి తీరమంతా తెలిసిపోద్ది. మీరైతే బయటి ముక్కు. ఒక్కపాలి వొచ్చి సూసి సెప్పండి బాబూ."

ఉపన్యాసానికి వెళితే శాలువా కప్పుతారు, లేదా మర్చిపోతారు. ముక్కు అరువడగడం ఇదే మొదలు. పాత్రుడు గారు మర్నాడు నాకు గోపాలపురం బీచి చూపిస్తానన్నారు. ఆయనకి ఏదో చెప్పి తప్పించుకున్నాను.

ఛత్రపురం దారి

తెల్లవారుజామున కోసిన పూలను ఆటోలో వేసుకుని దానయ్య ఛత్రపురంలో నాకోసం ఎదురుచూస్తున్నాడు. ముందు సీట్లో డ్రైవరు, వెనక పూలు, పూల మీద మేమిద్దరం. పువ్వంటే జడలో తురుముకునేంతదని అనుకోవద్దు. ఒక్కొక్కటీ మూరెడు పొడవు, ముళ్లాకుల మధ్య పాలమీగడ రంగులో ఒదిగి ఉంటుంది. వాటి మీద కూర్చోవడం ఇంద్రభోగమని దూరంనుంచి అనిపిస్తుంది. ముళ్ల సంగతి కూర్చున్నవాడికి తెలుస్తుంది.

దారి పొడుగునా పొలాల గట్ల మీద మొగలి పొదలే కంచెలు. మా వైపు పొలానికి ముళ్లతీగ వేస్తాం. ఇక్కడ కంచె కూడా కాపు కాస్తుంది. వాన సన్నగా పడుతోంది. సరుగుడు తోటలు, వాటి వెనక ఇసుక, ఇసుక వెనక ఎక్కడో సముద్రం కనిపించకుండా మూలుగుతోంది. ఆటో నీళ్లలో పడవలా ఊగుతోంది. మొగలి వాసన మొదట మొహాన కొట్టినట్టు వచ్చింది. తర్వాత తల చుట్టూ తిరిగింది. తర్వాత నేనే ఆ వాసనలోకి దిగి, ఎక్కడ ఉన్నానో, ఎందుకు వెళుతున్నానో అంత పట్టించుకోకుండా తేలిపోతున్నాను. ఎప్పుడో చిన్నప్పుడు తెరిచిన పెట్టెలో చీరల మడతలు గుర్తొచ్చాయి. అవి ఎవరి చీరలో గుర్తు రాలేదు.

ఈ పువ్వు శివుడి పూజకి పనికిరాదు. శివుడు నిలిపిన జ్యోతిస్తంభం శిఖరం చూశానని బ్రహ్మ గొప్పలు పోతే, అవును, నేనూ చూశానని మొగలి దొంగసాక్ష్యం చెప్పిందని కథ. మా డిపార్టుమెంటు దృష్టిలో ఇది చాలా పెద్ద కేసు. సాక్షిని ఇంత కఠినంగా శిక్షించడం ఇంకెక్కడా వినలేదు. ఇదే మాట దానయ్యతో అంటే ఆయన ఆ కథ విన్నానని, కానీ కోతకాలంలో దాని గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదని చెప్పాడు.

ఆ పల్లెల్లో ఒక ఆచారం ఉందట. వానాకాలమంతా ఆ వాసనలోనే ఉండేవాళ్లకి అది తెలియడం మానేస్తుంది. అందుకని ఎవరింటికైనా బయటినుంచి చుట్టం వస్తే, కాళ్లకి నీళ్లివ్వక ముందే సీసా మూత తీసి ముక్కు దగ్గర పెడతారు. చుట్టం కళ్లు విప్పార్చాడంటే మొదటి నీరు. ఊరికే తలూపితే రెండోది. మా ఏలూరులో చుట్టానికి మంచినీళ్లిచ్చి ఎప్పుడెళతావని మనసులో అనుకుంటాం. ఇక్కడ కనీసం కొంత పని చేయించుకుంటారు.

మరి ఆ నీరు ఇంట్లోవాళ్లెవరికైనా చూపించారా అని అడిగాను.

"మాయావిడ పొద్దున్నే సేపలు పట్టుకుని ఎల్లిపోద్ది. ఆవిడది సేపల ముక్కు బాబూ. పువ్వు సంగతి ఆవిడకేటి తెలుస్తాది."

ఆటో మట్టిరోడ్డు దిగింది. అప్పుడు గమనించాను, నాకు మొగలి వాసన రావడం లేదు. ఒక పువ్వు తీసి ముక్కుకి ఆనించుకున్నాను. ముల్లు గుచ్చుకుంది. వాసన మాత్రం లేదు. అరువుకొచ్చిన ముక్కు ఊరు చేరకముందే అక్కడిదైపోయింది.

భట్టీ

తాటాకుల పాక. లోపల పొయ్యిల మీద కడుపులు ఉబ్బిన రాగి పాత్రలు, మూతల చుట్టూ మట్టి మెత్తి, మూతల్లోంచి వెదురు గొట్టాలు వంగి నీళ్ల తొట్టెలోకి దిగుతున్నాయి. తొట్టెలో మునిగి ఉన్న పాత్రలోకి ఆవిరి చుక్కలై దిగుతుంది. వాన చూరు మీద చప్పుడు చేస్తుంటే, పొగ పాక లోపలే తిరుగుతుంటే, అంతా నిద్రలో వండుతున్నట్టుంది. నీటికి వాసన లేదని, వాసన భూమి గుణమని మా తార్కికులు తేల్చేశారు. నీళ్లలో వాసనుంటే అది నీళ్లలో కలిసిన మట్టిదేనన్నారు. ఇక్కడ దాన్ని డబ్బాల్లో పోసి అమ్ముతున్నారు. రెండు పక్షాలకూ నష్టం లేదు.

నా ముక్కు పనిచేయడం లేదని దానయ్యతో చెప్పేశాను. ఇలాంటివి పొద్దున్నే చెప్పడం మంచిది. ఆయన మొహం ఒక్క క్షణం వాలింది, అంతలోనే సర్దుకున్నాడు.

"సరే అయితే. రెండో దార్లో ఎల్దాం" అన్నాడు.

నా మాట ఎవరైనా ఇంత శ్రద్ధగా ఆచరించడం నేనెప్పుడూ చూడలేదు. కొంచెం భయమేసింది. పోయిన ఏడు నుంచి ఆయన నెట్టుకొస్తున్నది ఆ రెండో దారిలోనేనట. పొయ్యిలో ఎన్ని కట్టెలు పోయాయి, తొట్టెలో నీళ్లు ఎంత వేడెక్కాయి, వెదురు గొట్టం పట్టుకుంటే చెయ్యి ఎంతసేపు ఆగుతోంది, వీటినిబట్టి మొదటి నీరు అయిపోయిందని ఊహిస్తాడు. అందరూ పొగ చూసి నిప్పుని తెలుసుకుంటే, దానయ్య నిప్పుని చూసి పువ్వుని తెలుసుకుంటాడు. ఎండు కట్టెలైతే ఆ లెక్క కుదురుతుంది. ఈసారి కట్టెలు తడిసి మంట ఒకసారి లేచి ఒకసారి కూర్చుంటోంది.

మధ్యాహ్నానికి ఆయన మోకాళ్ల మీద కూర్చుని గొట్టం మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. దేవుడి ముందు కూడా మనం అంతసేపు ఉండం. తర్వాత లేచి, దిగిన నీటిని ఒక డబ్బాలోకి పోశాడు. మిగతాది పూర్తిగా దిగాక రెండో డబ్బాలోకి పోశాడు. రెండూ ఒకేలాంటి తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు. పాక గుమ్మం పక్కన ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. వాటి మీద ఏ గుర్తూ పెట్టలేదు.

మేం అటుకులు తిన్నాం. పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ, కాస్త ఆవనూనె. నాకు కారమొక్కటే తెలిసింది. దానయ్యకి ఏడాదిగా ప్రతి భోజనమూ అంతేనట.

వాన

ఇప్పుడు చెప్పబోయే పనిని నేను సహాయం అనుకునే చేశాను.

ఆకాశం ఒక్కసారిగా నల్లబడి, ఇంతసేపూ వేలాడిన వాన విరుచుకుపడింది. కట్టెల మీద టార్పాలిన్ కప్పడానికి దానయ్య బయటికి పరుగెత్తాడు. గుమ్మం దగ్గర చూరు కారడం మొదలెట్టింది, సరిగ్గా ఆ డబ్బాల మీద. మూతలు గట్టిగా ఉన్నాయో లేవో అని నాకు కంగారు. ఒకదాన్ని ఎత్తుకెళ్లి పొయ్యి వెనక పెట్టాను. అక్కడా కారుతోంది. దాన్ని ఇటు జరిపి, రెండోదాన్ని తెచ్చి, మొదట తెచ్చినదాన్ని మళ్లీ వెనక్కి నెట్టి, రెండింటినీ పొడి మూల చేర్చాను. పని చక్కగా చేశానన్న తృప్తితో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను.

దానయ్య తడిసి ముద్దై లోపలికొచ్చాడు. గుమ్మం పక్కన ఖాళీగా ఉన్న చోటు చూశాడు. మూలకి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఎడంపక్కది ఏది బాబూ?" అన్నాడు మెల్లగా.

అప్పుడర్థమైంది. ముక్కున్నవాడికి గుర్తుతో పని లేదు, ఎక్కడున్నా మూత తీసి చూసుకుంటాడు. ముక్కు లేనివాడు చోటుని నమ్ముకున్నాడు. ఎడమది మొదటి నీరు, కుడిది రెండోది. గుర్తు పెడితే ముక్కు దానయ్యకి గుర్తెందుకని నలుగురూ అడుగుతారు. అందుకని పెట్టలేదు. ఆయనకి తెలిసినదంతా ఆ నేల మీదే ఉంది. నేను దాన్ని పొడి చోటికి చేర్చాను.

నా చదువంతా బయటికి తీశాను. రెండో నీరు తర్వాత దిగింది కనక ఇంకా గోరువెచ్చగా ఉండాలన్నాను. తడిమి చూశాం. తొట్టె నీళ్లు, వాన కలిసి రెండింటినీ సమానంగా చల్లార్చాయి. బరువు చూశాం, ఒకటే. రుచి చూశాం. నాకు రెండూ చేదుగా ఉన్నాయి, ఆయనకి రెండూ నీళ్లలా ఉన్నాయి. కిందటేడు నీరు కొంచెం ఉంటే పోల్చి చూడొచ్చు కదా అన్నాను. పోల్చడానికి మళ్లీ ముక్కే కావాలని ఆయన గుర్తుచేశాడు. కొనేవాళ్ల మనిషి వచ్చే వేళవుతోంది. వాన వెలిసి, పాక బయట అంతా తెల్లటి ఆవిరి లేచి, పొలాలు, పొదలు, రోడ్డు అన్నీ నీళ్లలో నానబెట్టినట్టు మెత్తబడ్డాయి. అంత అందమైన వేళలో అంత ఇబ్బందిగా నేనెప్పుడూ నిలబడలేదు.

ఇక మిగిలింది నాలుగో దారి. ఉన్నది ఉన్నట్టు తెలిసి, తెలిసింది తెలిసినట్టు చెప్పే మనిషిని ఆప్తుడంటారని హాల్లో చెప్పలేదు, టైము చాలక. ఇప్పుడు చెప్పాను. ఇవాళంతా ఈ వాసనకి దూరంగా ఉండి, మీకు అబద్ధం చెప్పాల్సిన అవసరం లేని మనిషి ఈ చుట్టుపక్కల ఎవరైనా ఉన్నారా అని అడిగాను.

దానయ్య తొట్టె అంచు మీద కూర్చున్నాడు. తడి తువ్వాలు పిండి, విప్పి, మళ్లీ పిండాడు. ఆయనకి మనిషి దొరక్క కాదని ఆ పిండడం చూస్తే తెలిసింది. దొరికింది కనకే.

"మాయావిడ ఎర్రమ్మ ఈ బస్సుకే వొస్తాది" అన్నాడు చివరికి. "ఆవిడకి సెప్పనేదు బాబూ."

తువ్వాలు భుజానేసుకుని, నావైపు చూడకుండా, రోడ్డు మీదికి నడిచాడు.

రోడ్డు

బస్సు ఆవిరిలోంచి దీపాలతో వచ్చి ఆగింది. ఖాళీ తట్ట నడుముకి ఆనించుకుని ఒకావిడ దిగింది. పొట్టిగా, గట్టిగా, అలసిపోయి కూడా చకచకా నడిచే మనిషి. మార్కెట్లో చేపలమ్మి వస్తోంది. దానయ్య ఏమన్నాడో నాకు వినపడలేదు. ఆయన చెయ్యి పాకవైపు చూపించింది, ఆవిడ తట్ట కింద పెట్టలేదు, ఏమీ అడగలేదు, నేరుగా వచ్చింది.

నన్ను చూసి తలూపింది. చేతులు తొట్టెలో కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, ఒక డబ్బా మూత తీసి వంగింది. మూత పెట్టింది. గుమ్మంలోకి వెళ్లి ఒకసారి బయటి గాలి పీల్చుకుని వచ్చి రెండోది తీసింది. దాని మీదికి పూర్తిగా వంగకముందే వెనక్కి వచ్చేసింది. మూల వేలాడుతున్న పాతగుడ్డ పీలిక చింపి ఆ డబ్బా మెడకి కట్టింది.

"ఇది మొదటిది. అయినా పూర్తిగా మొదటిది కాదు. కొంచెం ముందు ఆపాల్సింది."

దానయ్య తల వంచుకున్నాడు.

కొనేవాళ్ల మనిషి చీకటి పడేవేళకి జీపులో వచ్చాడు. ఉత్తరాది మనిషి, మెడకి మఫ్లరు, వానాకాలంలో కూడా. ముక్కే అతని ఆస్తి కనక జలుబు రాకుండా చూసుకుంటాడట. మా కంపెనీ అలాంటి ముక్కుకి పాలసీ ఇస్తుందో లేదో నేను కనుక్కోవాలి. గుడ్డ కట్టిన డబ్బా తీసి మణికట్టు మీద రెండు చుక్కలు రాసుకుని, ఆగి, మళ్లీ వాసన చూశాడు. కొంచెం పలచబడిందన్నాడు. కట్టెలు తడిశాయని ఎర్రమ్మ ఒడియాలో చెప్పింది. వానాకాలం కదా అని అతనే ఒప్పుకున్నాడు. రెండో డబ్బాని ఊరికే మూత తీసి మూసేశాడు. రెండూ జీపెక్కాయి. మళ్లీ ఎప్పుడు రావాలో దానయ్యనే అడిగి వెళ్లిపోయాడు.

చమఖండి

ఇప్పట్లో బస్సు లేదు, భోజనం చేసి వెళ్లమన్నారు. ఇసుకలో నడిచి వెళ్లాం. ఇళ్ల మధ్య వలలు ఆరేసి ఉన్నాయి. వాటి రంధ్రాల్లోంచి కనిపించే దీపాలన్నీ గళ్లగళ్లుగా ఉన్నాయి. సముద్రం ఇక దాక్కోలేదు, వీధి చివర తెల్లగా లేచి పడుతోంది. ఉప్పుగాలికి నా ముక్కు నెమ్మదిగా తిరిగొచ్చింది. మొదట తెలిసిన వాసన చేపల పులుసుది. దాన్ని ఏ డబ్బాలో పోసినా నేను కొనేవాణ్ని.

అరుగు మీద కూర్చుని తింటుంటే దానయ్యకి ఎక్కడలేని మాటలొచ్చాయి. గండం గడిచిన మనిషి మాటలు. నన్ను చూపించి, ఈ బాబు బరంపురంలో ఎంత బాగా చెప్పాడో, నాలుగు దారులంటే ఏమిటో, మూడూ మూసుకుపోతే నాలుగోది ఎలా దొరికిందో భార్యకి వివరిస్తున్నాడు. నాకన్నా బాగా చెబుతున్నాడు. మధ్యలో, ముక్కు పోయిన సంగతి ఇన్నాళ్లూ దాచినందుకు ఏమీ అనుకోవద్దన్నట్టు ఒక మాట నసిగాడు.

ఎర్రమ్మ నా కంచంలో ఇంకో చేపముక్క వేసింది. పోయిన ఏడు వానల్లోనే తనకి తెలుసని నాతో చెప్పింది, ఆయనతో కాదు. కూర అడుగంటి మాడిపోతే, ఇల్లంతా పొగైతే, ఈయన బాగుందని రెండోసారి వేయించుకున్నాడట. అనుమానం తీరక ఒకరోజు పాడైన ఎండుచేప వండి పెట్టిందట. అదీ తిన్నాడట. అడిగితే ఒప్పుకోడని, తనే చెబుతాడని చూసిందట. ఆ రాత్రినుంచి ఇవాళ్టి బస్సు దాకా.

దానయ్య చేతిలో ముద్దని మళ్లీ కంచంలో పెట్టేశాడు. ఆప్తులు చెప్పిన మాట మన కళ్లతో చూసినదానితో సమానమని ఈ బాబు చెబితేనే కదా నాకు తోచిందీ అన్నాడు, నావైపు సాయానికి చూస్తూ. నేను పులుసులో ముల్లు వెతుక్కుంటున్నాను.

ఎర్రమ్మ గిన్నె కింద పెట్టి ఆయనవైపు తిరిగింది.

"పెల్లైన కాడ్నించి నీ పక్కనే ఉన్నాను. నాకూ ఒక ముక్కుందని నీకు సెప్పడానికి ఏలూర్నించి మనిసి రావాలేటి?"